దంతశుద్ధి అంటే పళ్లు తోముకోవడం కాదు: బైబిలులో హెబ్రీ నుడికారం

సండే స్కూల్లో ఆమోసు ప్రవక్త గ్రంథం చదువుతున్నాం. నాలుగో అధ్యాయం ఆరో వచనం దగ్గర ఆరో తరగతి పిల్లవాడొకడు వేలు పెట్టి ఆపాడు. "మీ పట్టణములన్నిటిలోను నేను మీకు దంతశుద్ధి కలుగజేసినను" అని ఉంది అక్కడ. "టీచర్, పళ్లు శుభ్రంగా ఉంటే మంచిదే కదా, మరి దేవుడు కోపంగా చెబుతున్నాడేంటి?" అని అడిగాడు.

వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. దంతం అంటే పన్ను, శుద్ధి అంటే శుభ్రత. హెబ్రీ మూలంలో కూడా సరిగ్గా ఆ రెండు మాటలే ఉన్నాయి: నిక్యోన్ షిన్నాయిమ్, పళ్ల శుభ్రత. కానీ ఆమోసు మాట్లాడుతున్నది కరువు గురించి. తినడానికి గింజ లేకపోతే పళ్ల సందుల్లో ఇరుక్కోవడానికి మెతుకు కూడా ఉండదు. పని పడని పళ్లు శుభ్రంగానే ఉంటాయి.

ఇదే సంగతిని మనవాళ్లు "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు. ఆ మాటను మాటకు మాటగా హెబ్రీలోకి దించితే అక్కడి చదువరి ఆ పిల్లికి ఏమైందో అనుకుంటాడు. వంట లేని ఇంట్లో పొయ్యి చల్లగా ఉంటుందని, పిల్లి ఆ బూడిదలో ముడుచుకుని పడుకుంటుందని, నిప్పు వేస్తేనే లేస్తుందని తెలిస్తే తప్ప అందులోని ఆకలి కనిపించదు. దంతశుద్ధి విషయంలో మన పరిస్థితీ అదే.

అయితే ఆ పిల్లవాడికి జవాబు పక్క వరుసలోనే ఉంది. "మీరున్న స్థలములన్నిటిలోను మీకు ఆహారము లేకుండ చేసినను" అని ఆ వచనమే కొనసాగుతుంది. హెబ్రీ కవిత్వానికి ఒక అలవాటుంది. ఒక మాటను ఒకసారి చెప్పి ఊరుకోదు, వెంటనే ఇంకో రకంగా మళ్లీ చెబుతుంది. మొదటి సగంలో జాతీయం ఉంటే రెండో సగంలో చాలాసార్లు దాని అర్థం విప్పి ఉంటుంది. నిఘంటువు లేనివాళ్లకు కూడా అందే సాయం ఇది.

ఇక్కడ ఇంకొక్కటి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. హెబ్రీలో "షేన్" అంటే పన్ను, ఏనుగు దంతం కూడా. మన "దంతం" లాగానే. ఇదే ఆమోసు ఆరో అధ్యాయంలో సమరయ ధనికులను "దంతపు మంచములమీద" పడుకునేవాళ్లని నిలదీస్తాడు. సమరయ తవ్వకాల్లో దంతపు చెక్కడాలు నిజంగానే బయటపడ్డాయి. ఒకే మాట, ఒకచోట కాళ్లు చాపుకుని పడుకున్నవాడి మంచం, ఇంకోచోట తిండి లేనివాడి నోరు. ఇంగ్లీషు బైబిలు చదివేవాళ్లకు ఈ రెండూ రెండు వేర్వేరు మాటలు. తెలుగువాడికి ఒకే మాటగా అందుతాయి.

నేను గట్టిగా నమ్మే విషయం ఇదే. హెబ్రీ నుడికారం దగ్గర తెలుగు పాఠకుడు పరాయివాడు కాదు. రెండు భాషలూ మనసులోని సంగతిని ఒంటి మీద పెట్టి చెప్పే భాషలే. మనకు చిక్కు వచ్చేది హెబ్రీ దూరంగా ఉన్నచోట కాదు. అచ్చం మన మాటలా కనిపించి వేరే అర్థం చెప్పేచోట.

ముక్కు, మెడ, నడుము

కోపానికి హెబ్రీలో ఎక్కువగా వాడే మాట "అఫ్". దాని అసలు అర్థం ముక్కు. ఎవరికైనా కోపం వస్తే "అతని ముక్కు మండింది" అంటారు. కోపం త్వరగా రాని మనిషి "పొడుగు ముక్కులవాడు", ఎరెక్ అప్పాయిమ్. సీనాయి కొండ మీద దేవుడు మోషే ఎదుట తన గుణాలు తానే ప్రకటించే చోట, నిర్గమకాండము 34:6లో, ఈ మాటే ఉంది. మన అనువాదకులు దాన్ని "దీర్ఘశాంతము" చేశారు. "దీర్ఘ"లో ఆ పొడవు మిగిలింది, ముక్కు మాత్రం పోయింది. అయినా "ఆయనకు ముక్కు మీదే కోపం" అని రోజూ అనుకునే మనకు ఆ ముక్కును తిరిగి తెచ్చుకోవడం కష్టం కాదు. కోపం ముక్కు కొన మీద ఉన్నవాడు ఒకడు. అది ముక్కు చివరికి వచ్చేసరికి చాలా సేపు పట్టేవాడు ఇంకొకడు.

మెడ సంగతీ అంతే. బంగారు దూడ చేసుకున్న ప్రజలను దేవుడు "గట్టి మెడవాళ్లు" అంటాడు. కాడి కిందికి మెడ వంచని ఎద్దు అందులో కనిపిస్తుంది. తెలుగు బైబిలులో "లోబడనొల్లని ప్రజలు" అన్నారు. అర్థం సరిగ్గా ఉంది, ఎద్దు లేదు. "మెడలు వంచి పని చేయించాలి" అనే మాట మన నోట ఉండగా ఆ బొమ్మను వదులుకోవలసింది కాదేమో అనిపిస్తుంది నాకు. నడుము విషయంలో మాత్రం వదులుకోలేదు. "నడుము కట్టుకొని" అని యిర్మీయాకు దేవుడు చెప్పింది మనకు వివరణ లేకుండానే తెలుస్తుంది. పొడవాటి అంగీని పైకి దోపి పనికో ప్రయాణానికో సిద్ధపడటం వాళ్ల పద్ధతి. పంచె ఎగ్గట్టి, కొంగు బిగించి పనిలోకి దిగడం మన పద్ధతి.

"మోషే చేతి ద్వారా" అని హెబ్రీలో తరచూ వస్తుంది. మంత్రిగారి చేతుల మీదుగా ప్రారంభోత్సవం అని పేపర్లో చదివేవాడికి దాన్ని విప్పి చెప్పాలా?

గుండె ఆలోచిస్తుంది

ఒంట్లోకి ఇంకా లోతుగా వెళితే దారి కాస్త మారుతుంది. హెబ్రీలో "లేవ్" అంటే గుండె. కానీ ఆ గుండె చేసే పనిలో ప్రేమించడం కన్నా ఆలోచించడం, నిర్ణయించుకోవడం ఎక్కువ. సామెతల గ్రంథంలో "బుద్ధిలేనివాడు" అని ఉన్న చాలా చోట్ల హెబ్రీలో "గుండె లేనివాడు" అని ఉంటుంది. మనకు గుండె లేనివాడు అంటే జాలి లేనివాడు. వాళ్లకు తెలివి లేనివాడు. అలాగే "గుండె దొంగిలించడం". మన సినిమా పాటల్లో అది ప్రేమ. ఆదికాండము 31లో యాకోబు తన మామ అయిన లాబాను "గుండె దొంగిలించాడు" అంటే చెప్పకుండా పారిపోయి మోసం చేశాడని. అందుకే "నీ పూర్ణహృదయముతో" దేవుణ్ని ప్రేమించమన్న ఆజ్ఞను ఉప్పొంగే భావోద్వేగంగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. నీ తెలివి, నీ నిర్ణయాలు కూడా ఆయనకే ఇమ్మని అందులో ఉంది.

మరి భావోద్వేగం ఎక్కడ ఉంటుంది? మూత్రపిండాల్లో. హెబ్రీలో కెలాయోత్. మన బైబిలులో వాటిని "అంతరింద్రియములు" అన్నారు. "రాత్రిగడియలలో నా అంతరింద్రియము నాకు బోధించుచున్నది" అని 16వ కీర్తన. కిడ్నీలు బోధించడం అంటే మనకు ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి ఆ ఎంపికను నేను తప్పు పట్టను.

ఈ లోపలి అవయవాల్లో నాకు అన్నిటికన్నా ప్రియమైనది గర్భం. రెహెమ్ అంటే గర్భసంచి. దాని బహువచనంలా కనిపించే రహమీమ్ అంటే కనికరం. బైబిలులో దేవుని కనికరం అని చదివే చోట చాలాసార్లు ఈ మాటే ఉంటుంది. 1 రాజులు మూడో అధ్యాయంలో సొలొమోను ముందు ఇద్దరు స్త్రీలు ఒకే బిడ్డ కోసం నిలబడతారు. రాజు కత్తి తెప్పిస్తాడు, బిడ్డను రెండు ముక్కలు చేసి చెరి సగం ఇమ్మంటాడు. అప్పుడు అసలు తల్లికి "రహమీమ్ కాగిపోయింది" అని హెబ్రీలో ఉంటుంది. తెలుగు అనువాదకుడు ఇక్కడ ఏం చేశాడో చూడండి: "తన బిడ్డ విషయమై పేగులు తరుగుకొని పోయినదై" అన్నాడు. హెబ్రీలో పేగులు లేవు, తరగడమూ లేదు. కానీ కత్తి రాజు ముందు ఉండగా అది తరిగింది బిడ్డను కాదు, తల్లి పేగులను. పేగు తెంచుకుని పుట్టినవాడు అనే భాషలో దీనికన్నా గొప్పగా చెప్పడం సాధ్యమా? "ఆమె చాలా జాలిపడింది" అని రాసి వెళ్లిపోవచ్చు, తప్పు కాదు. కానీ అనువాదకుడు తన భాషలో అమ్మ ఎక్కడ నొప్పి పడుతుందో వెతికి అక్కడ చెయ్యి పెట్టాడు.

1805లో లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టినప్పటి నుంచి ఎన్నో చేతులు, ఎన్నో సవరణలు పడ్డాయి ఈ గ్రంథంలో. తెలుగు పండితుల సాయం లేకుండా ఇలాంటి వరుసలు పుట్టవని నా నమ్మకం.

కన్ను ఎక్కడ కడుపు అయింది

కొన్నిచోట్ల అనువాదకులు మర్యాద కోసం మార్చారు. దావీదును వెతుకుతూ వచ్చిన సౌలు రాజు గుహలోకి "కాళ్లు కప్పుకోవడానికి" వెళ్లాడని 1 సమూయేలు 24లో హెబ్రీ చెబుతుంది. కూర్చున్నప్పుడు అంగీ కాళ్ల మీదికి జారుతుంది కదా, అదీ సంగతి. తెలుగులో "శంకానివర్తికి", అంటే బహిర్భూమికి, వెళ్లాడన్నారు. పెద్దవాళ్ల ముందు మనమూ ఆ పనికి అసలు పేరు పెట్టం. ఈ అర్థం తెలియకపోతే, వెతుకుతున్న శత్రువు దావీదు చేతికి అంత ఒంటరిగా ఎలా చిక్కాడో బోధపడదు.

కానీ కన్ను సంగతి వేరు. ఇక్కడ కాస్త ఆగాలి.

హెబ్రీలో "మంచి కన్ను" ఉన్నవాడంటే చేతికి ఎముక లేనివాడు, దాత. సామెతలు 22:9లో "దయాదృష్టిగలవాడు తన ఆహారములో కొంత దరిద్రునికిచ్చును" అన్న చోట ఉన్నది మంచి కన్నే. "చెడ్డ కన్ను" అంటే పిసినారితనం, ఓర్వలేనితనం. సామెతలు 23లో చెడ్డ కన్ను ఉన్నవాడి ఇంట భోజనం చేయవద్దంటాడు. తిను, తాగు అని పైకి అంటాడు గానీ నువ్వు ఎన్ని ముద్దలు తింటున్నావో లోపల లెక్కపెడుతుంటాడు.

ఇప్పుడు మత్తయి ఆరో అధ్యాయంలో, యేసు కొండమీది ప్రసంగంలో "నీ కన్ను తేటగా ఉండినయెడల నీ దేహమంతయు వెలుగు మయమైయుండును. నీ కన్ను చెడినదైతే..." అనే మాట తీసుకోండి. చెడ్డ కన్ను అనగానే మనకు గుర్తొచ్చేది దిష్టి. ఇంటి ముందు కట్టిన గుమ్మడికాయ, నిమ్మకాయ, మిరపకాయలు. దిష్టి కాదంటే చూడకూడనివి చూసే కన్ను అని కొందరు బోధిస్తారు. ఫోన్ చూడొద్దని పిల్లలకు చెప్పడానికి ఈ వచనం వాడినవాళ్లను నేను విన్నాను. ఆ సలహా మంచిదే, కానీ ఈ వచనం ఆ సలహా కాదు. దీని ముందు ఏముందో చూడండి: భూమి మీద ధనం కూర్చుకోవద్దు. వెనక ఏముందో చూడండి: "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు." రెండు డబ్బు మాటల మధ్య కన్ను ఊరికే వచ్చి కూర్చోలేదు. అది ఇచ్చే కన్నా, బిగబట్టే కన్నా అన్నదే ప్రశ్న. "తేట" అని మనం చదివే గ్రీకు మాట హప్లూస్. దాని నుంచి వచ్చిన నామవాచకాన్నే పౌలు 2 కొరింథీయులకు 8:2లో వాడితే మన బైబిలు "దాతృత్వము" అని తర్జుమా చేసింది.

క్రొత్త నిబంధన గ్రీకులో ఉంది కదా, హెబ్రీ జాతీయం ఎలా వచ్చిందని అడగవచ్చు. రాసినవాళ్లలో ఎక్కువమంది ఆలోచనలో, ప్రార్థనలో హెబ్రీ, అరామిక్ నానిపోయి ఉన్నాయి. మనవాళ్లు ఇంగ్లీషు మాట్లాడినా అందులో తెలుగు తొంగిచూస్తుంది కదా, అలాగే.

అదే మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ద్రాక్షతోట పనివాళ్ల కథ ఉంది. పొద్దుటి నుంచి ఎండలో కష్టపడినవాళ్లకూ, సాయంత్రం ఒక్క గంట పనిచేసినవాళ్లకూ యజమాని ఒక్కో దేనారమే ఇస్తాడు. ముందు వచ్చినవాళ్లు సణుగుతారు. యజమాని అడిగే మాట మూలంలో "నేను మంచివాణ్నైనందుకు నీ కన్ను చెడ్డదా?" అని ఉంది. తెలుగులో: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" కన్ను కడుపు అయిపోయింది. సణిగే కూలీ ఒక్క మాటతో మన ఊరివాడైపోయాడు. ఇంత చక్కటి మాట పడ్డాక ఏ వివరణా అవసరం లేదు. కాకపోతే ఒక నష్టం ఉంది. ఆరో అధ్యాయంలో కన్ను అని, ఇరవయ్యో అధ్యాయంలో కడుపు అని చదివేవాడికి ఈ రెండూ ఒకే జాతీయమని ఎప్పటికీ తెలియదు. అనువాదంలో ఒకటి దక్కించుకుంటే ఒకటి జారిపోతుంది.

కొమ్ములు

కొమ్ము మనల్ని తప్పుదారి పట్టించే మాట. "నీకేమన్నా కొమ్ములు మొలిచాయా?" అని మనం అడిగేది పొగరుబోతును. హెబ్రీలో కొమ్ము ముందు బలం, గౌరవం. 92వ కీర్తనలో "గురుపోతు కొమ్మువలె నీవు నా కొమ్ము పైకెత్తితివి" అన్నది కృతజ్ఞత. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా పాటలో "రక్షణశృంగము" అన్నదీ ఆ కొమ్మే. అయితే తన కొమ్మును తానే ఎత్తుకుంటే మాత్రం వాళ్లకూ అది పొగరే, "కొమ్ము ఎత్తకుడి" అని 75వ కీర్తన గద్దిస్తుంది. ఎవరు ఎత్తారన్నదే తేడా.

మోషే ముఖం ప్రకాశించిందని చెప్పే క్రియ కూడా ఈ కొమ్ము నుంచే వచ్చింది. జెరోము లాటిన్ అనువాదంలో అది "కొమ్ములున్న ముఖం" అయింది. రోములోని ఒక చర్చిలో మైకెలాంజిలో చెక్కిన మోషే విగ్రహానికి నేటికీ రెండు కొమ్ములున్నాయి.

ద్వేషింపకుంటే

ఇక్కడిదాకా చెప్పినవి తప్పుగా చదివినా ఇల్లు కూలదు. ఇది అలా కాదు. లూకా 14:26: "ఎవడైనను నాయొద్దకు వచ్చి తన తండ్రిని తల్లిని భార్యను పిల్లలను..." ద్వేషింపకుంటే నా శిష్యుడు కానేరడు అని యేసు అంటాడు. ఈ పేజీ తెరిచి నా ముందు పెట్టి ఏడ్చిన తల్లిని నాకు తెలుసు. కొడుకు దీన్ని చూపించి ఇంటికి రావడం మానేశాడు. "నన్ను ద్వేషించమని దేవుడే చెప్పాడా అమ్మా?" అని అడిగింది. ఆమెకు ఆరోజు చెప్పిన జవాబునే ఇక్కడ రాస్తున్నాను.

ఆదికాండము 29 తెరవండి. ముప్పయ్యో వచనంలో యాకోబు లేయాకంటే రాహేలును ఎక్కువ ప్రేమించాడని ఉంది. ఎక్కువ, తక్కువ. అంతే. కానీ వెంటనే ముప్పై ఒకటో వచనంలో "లేయా ద్వేషింపబడుట యెహోవా చూచి" అని వస్తుంది. లేయాతో యాకోబు కాపురం చేశాడు, పిల్లల్ని కన్నాడు. ఆమెను పగబట్టలేదు. రెండోస్థానంలో ఉంచాడు. ద్వితీయోపదేశకాండము 21లో ఇద్దరు భార్యలున్నవాడి గురించిన చట్టంలోనూ ఇవే మాటలు: ఒకతె ప్రేమింపబడేది, ఒకతె ద్వేషింపబడేది. జ్యేష్ఠుడు రెండో ఆమె కొడుకైతే వాడి హక్కు తీసేయడానికి వీల్లేదని చట్టం. ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే చోట హెబ్రీ "ఎక్కువ ప్రేమ, తక్కువ ప్రేమ" అనకుండా "ప్రేమ, ద్వేషం" అంటుంది. మలాకీలో యాకోబును ప్రేమించి ఏశావును ద్వేషించానని దేవుడు అన్న మాటను చదివేటప్పుడూ ఇది గుర్తుండాలి.

ఇది నేను అల్లుతున్న మాట కాదనడానికి మత్తయి సాక్షి. ఇదే బోధను మత్తయి 10:37 ఇలా రాసింది: "తండ్రినైనను తల్లినైనను నాకంటె ఎక్కువగా ప్రేమించువాడు నాకు పాత్రుడు కాడు." లూకా జాతీయాన్ని అలాగే ఉంచాడు, మత్తయి దాన్ని విప్పాడు. పైగా మార్కు ఏడో అధ్యాయంలో, దేవునికి అర్పితం అనే పేరు పెట్టి తల్లిదండ్రులకు పెట్టాల్సింది ఎగ్గొట్టేవాళ్లను యేసు ఎంత కఠినంగా తిట్టాడో చూడండి. సిలువ మీద ప్రాణం పోతూ కూడా తల్లిని ఒక శిష్యుడికి అప్పగించాడు. ఆ నోటి నుంచి అమ్మను అసహ్యించుకొమ్మనే మాట రాదు.

అలాగని దీన్ని మెత్తని దూదిలా చేయడం కూడా నాకు ఇష్టం లేదు. మాట పదును మాటకు ఉంది. ఇంట్లోవాళ్లు ఒకవైపు, ఆయన ఒకవైపు లాగే రోజు వస్తే ముందు ఎవరన్నది ఇప్పుడే తేల్చుకోమంటున్నాడు. ఆ కొడుకు తల్లికి ఫోన్ చేయకపోవడానికి మాత్రం దీన్లో ఆధారం లేదు.

ఇలాంటి బాధే కానాలోని పెళ్లి దగ్గరా కలుగుతుంది. ద్రాక్షారసం అయిపోయిందని తల్లి చెబితే "అమ్మా, నాతో నీకేమి పని?" అంటాడు యేసు. మన ఇళ్లలో ఒక కొడుకు అమ్మతో అలా అంటే అన్నం ముందునుంచి లేచిపోయినట్టే. మూలంలో ఉన్నది "నాకూ నీకూ ఏమిటి?" అనే పాత హెబ్రీ నుడి. దానికి చాలా ఛాయలున్నాయి. దయ్యం పట్టినవాడు అరిస్తే పోట్లాట. దావీదును తిట్టిన షిమీ తల నరుకుతానని అబీషై లేచినప్పుడు దావీదు అదే మాట అంటాడు. అక్కడ దానర్థం "నీ దారి వేరు, నా దారి వేరు, నన్ను ఇందులోకి లాగకు". కానాలోనూ ఈ రెండోదే పొసగుతుంది, ఎందుకంటే వెంటనే "నా సమయమింకను రాలేదు" అని కారణం చెబుతాడు. "అమ్మా" అన్నచోట గ్రీకులో "స్త్రీ" అనే పిలుపు ఉంది. అది వాళ్ల మర్యాదలో మోటు కాదు, సిలువ మీద నుంచి తల్లిని పిలిచింది కూడా ఆ పిలుపుతోనే. తెలుగువాళ్లు అక్కడ "అమ్మా" అని పెట్టడం సరైన పని. అన్నిటికన్నా పెద్ద ఆధారం మరియమ్మే. ఆమె నొచ్చుకోలేదు, పనివాళ్ల వైపు తిరిగి ఆయన చెప్పింది చేయమంది.

రానే వచ్చాడు

వ్యాకరణంలో దాగిన జాతీయాలు కొన్ని ఉన్నాయి, వాటిని గబగబా చూద్దాం. ఏదెను తోటలో "నిశ్చయముగా చచ్చెదవు" అని మనం చదివేది హెబ్రీలో "మోత్ తామూత్", చావడం చస్తావు. ఒకే క్రియను రెండుసార్లు వేసి మాటకు బలం ఇవ్వడం. "రానే వచ్చాడు", "పోనే పోయింది", "అననే అన్నాడు" అని మనం రోజూ చేసే పనికి దగ్గరి చుట్టం ఇది.

"బెన్", అంటే కొడుకు, ఇంకా విచిత్రమైనది. నూరేళ్ల అబ్రాహాము "నూరేళ్ల కొడుకు". చావాల్సినవాడు "చావు కొడుకు". యోనాకు నీడనిచ్చి ఎండిపోయిన సొరచెట్టు "రాత్రి కొడుకు". యెషయా 5లో మన "సత్తువ భూమిగల కొండ" హెబ్రీలో "నూనె కొడుకు". యెహెజ్కేలును దేవుడు 90కి పైగా సార్లు పిలిచిన "నరపుత్రుడా" అన్న పిలుపుకు అర్థం మట్టి మనిషీ అని. కాబట్టి ఆమోసు "నేను ప్రవక్త కొడుకును కాను" అన్నప్పుడు వాళ్ల నాన్న గురించి చెప్పడం లేదు, ప్రవక్తల గుంపులో చేరి నేర్చుకున్నవాణ్ని కానంటున్నాడు. మన బైబిలు "ప్రవక్త యొక్క శిష్యుడనైనను కాను" అని సరిగ్గా పట్టుకుంది.

"అతి" అనే మాటకు బదులు హెబ్రీ ఒకే నామాన్ని రెండుసార్లు వాడుతుంది. పాటల పాట మనకు పరమగీతం. పరిశుద్ధాల పరిశుద్ధం మనకు అతిపరిశుద్ధస్థలం. రాజులకు రాజు మాత్రం అలాగే ఉండిపోయాడు, ఆ పద్ధతి మనకూ ఉంది కనుక.

అంకెలూ అంతే. "దమస్కు మూడు సార్లు నాలుగు సార్లు చేసిన దోషములనుబట్టి" అని ఆమోసు మొదలుపెడితే లెక్క రాసుకోకండి. ఒకటికి నాలుగుసార్లు చెప్పాను అంటే మనం నిజంగా నాలుగుసార్లు చెప్పామా? సిరియా తీరంలో 1929 నుంచి జరిగిన ఉగారిత్ తవ్వకాల్లో బయటపడ్డ మట్టి పలకల మీద కూడా ఇలా ఒక అంకె, దాని మీది అంకె జతగా వస్తాయి. ఆ ప్రాంతపు కవులందరి అలవాటు అది.

యేసు భూగర్భంలో ఉంటాడన్న "మూడు రాత్రింబగళ్లు" మీద వాదాలు ఎక్కువ. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం తెల్లవారుజాము వరకు 72 గంటలు ఎక్కడున్నాయని కొందరికి టెన్షన్. ఎస్తేరు తన కోసం మూడు రోజులు రాత్రింబగళ్లు ఉపవాసం ఉండమని చెప్పి "మూడవ దినమందు" రాజు దగ్గరికి వెళ్లిపోయింది. రోజులో కొంత భాగాన్ని పూర్తి రోజుగా లెక్కించడం వాళ్ల వాడుక. యూదు పండితుల బోధల సంకలనమైన యెరూషలేము తాల్ముదు కూడా ఇదే చెబుతుంది. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం పొద్దున్నే బస్సెక్కిన చుట్టం మన ఇంట్లో మూడు రోజులున్నాడనే కదా అంటాం.

లేని గుమ్మం

జాతీయాల మీద ఇష్టం పెరిగాక ఇంకో ప్రమాదం ఉంది. ప్రతి కష్టమైన మాటకూ "యూదుల ఆచారం ప్రకారం" అంటూ ఒక కథ పుట్టుకొస్తుంది. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం తేలిక అని యేసు అన్న మాటకు చెప్పే కథ వాటిలో ఒకటి. యెరూషలేములో సూదిబెజ్జం అనే చిన్న గుమ్మం ఉండేదని, ఒంటె బరువు దించుకుని మోకాళ్ల మీద దూరేదని చాలామంది చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ యేసు కాలంలో అలాంటి గుమ్మం ఉండేదనడానికి ఆధారం లేదు. బాబిలోను తాల్ముదులో ఏనుగు సూదిబెజ్జంలో దూరడం అనే మాట జరగని పనికి గుర్తుగా ఉంది. యేసు వాడిందీ అలాంటి పోలికే. ఒంటె మోకరిల్లి దూరగలిగితే శిష్యులు "అట్లయితే ఎవడు రక్షణ పొందగలడు" అని అంత కంగారు పడేవాళ్లే కాదు. గుమ్మం కథ ధనికుడికి ఒక సందు చూపిస్తుంది, యేసు మాట ఆ సందు మూసేసి దేవునికి సమస్తం సాధ్యమే అంటుంది.

ఒక మాట జాతీయమా కాదా అని తేల్చుకోవడానికి నేను చేసేది పెద్ద పనేమీ కాదు. అదే మాట బైబిలులో ఇంకెక్కడ వచ్చిందో చూస్తాను. ముందు వెనక వరుసలు చదువుతాను. రెండు తెలుగు అనువాదాలు పక్కపక్కన పెడతాను. పాత బైబిలు ఒకలా, వాడుక భాష అనువాదం ఇంకోలా ఉన్నచోట అడుగున జాతీయం ఉండే అవకాశం ఎక్కువ. ఆ మాట ఎక్కడా మళ్లీ కనబడక, కథ మాత్రమే ఉంటే ఆ కథను పక్కన పెడతాను. శత్రువు తలమీద నిప్పులు పోయడం అనే సామెతలు 25:22 లాంటివి పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పిల్లలకు అదే చెబుతాను.

కొన్ని హెబ్రీ జాతీయాలకు మాత్రం ఇక వివరణ అక్కర్లేదు, అవి మనవైపోయాయి. "దావీదు తన పితరులతో కూడ నిద్రపొంది" అన్నట్టే రాజుల గ్రంథంలో చాలామంది రాజుల చావును చెబుతారు. పౌలు రాసేనాటికి అది క్రీస్తులో నిద్రించడం అయింది. మొన్న మా వీధిలో ఒక పెద్దాయన జ్ఞాపకార్థ కూటానికి కార్డు ఇచ్చి వెళ్లారు. ఫోటో కింద పుట్టిన తేదీ, దాని పక్కన "ప్రభువునందు నిద్రించిన తేదీ" అని ఉంది. సండే స్కూల్ పిల్లవాడే ఆ కార్డు తెచ్చి నాకిచ్చాడు. నిద్రించడం ఏంటని వాడు అడగలేదు.